తాకట్టు విడిపించుకున్న వస్తువును ఎవరైనా పారేస్తారా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విజయవాడ సింగ్ నగర్‌లో ఉంటానన్నావు, ఇంజినీరింగ్ మూడో సంవత్సరం అన్నావు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మీ ఇంట్లోకి నడుం లోతు నీళ్లు వచ్చాయి. ఆ తర్వాత ప్రార్థన కూటంలో ఒకాయన "ఈ లోకం ఎలాగూ కాలిపోయేదే, ఇల్లూ వాకిలీ పోతే బాధెందుకు, మన అసలు ఇల్లు పరలోకంలో ఉంది" అన్నారట. దాని మీద నీ ప్రశ్న ఇదీ: దేవుడు ఆరు రోజులు కష్టపడి చేసి, చాలా మంచిదని చూసుకుని మురిసిన భూమిని చివరికి తగలబెట్టి, మనల్ని మాత్రం ఇంకో చోటికి తీసుకుపోవడమే రక్షణ అయితే, ఆదికాండం మొదటి రెండు అధ్యాయాలు దేనికి రాసినట్టు? పనిలో పనిగా ఆరు రోజులు నిజంగా ఆరు రోజులేనా అనీ అడిగావు. అడిగినందుకు కసురుకున్నారని కూడా రాశావు. అది మనసులో పెట్టుకోకు. జవాబు తెలియనప్పుడు మేం పెద్దవాళ్లం చేసే పని అదే.

నేను గుంటూరులో ముప్పయ్యేళ్లుగా ముందు సండే స్కూల్లో, తర్వాత యవ్వనస్తుల బైబిల్ క్లాసులో పాఠం చెబుతున్నాను. పాస్టర్ని కాదు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. అందులో తొమ్మిదేళ్లు బంగారు రుణాల కౌంటర్. నీ ప్రశ్నకి నా జవాబు సగం పుస్తకాల్లోంచి వచ్చింది, సగం ఆ కౌంటర్ దగ్గర్నుంచి వచ్చింది.

మనం చర్చిలో "విమోచన" అంటాం. ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు. ఇంట్లో దాని పేరు "విడిపించుకోవడం". తాకట్టు పెట్టిన గాజులు విడిపించుకోవడం, కుదవలో ఉన్న పొలం విడిపించుకోవడం. హెబ్రీ బైబిల్లో కూడా ఆ మాట గుడి మాట కాదు, ఇంటి మాట, పొలం మాట. ఇది గుర్తుపెట్టుకుంటే మిగతాది దానంతటదే తెరుచుకుంటుంది.

ఒక సంగతి చెబుతాను. జూన్, జులై నెలల్లో విత్తనాలకీ కౌలుకీ ఎరువులకీ మా దగ్గర బంగారం పెట్టేవాళ్లు. మిర్చి కోసి, ఎండబెట్టి, యార్డులో అమ్ముడుపోయాక ఫిబ్రవరి, మార్చిలో వచ్చి విడిపించుకునేవాళ్లు. ఒక ఏడు ప్రత్తిపాడు వైపు నుంచి ఒకావిడ వచ్చింది. రెండు గాజులు. ముందటేడు పంట పోయి వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించుకుంది. ఈసారి అసలూ వడ్డీ కలిపి మొత్తం తెచ్చింది. రబ్బరు బ్యాండ్లు వేసిన నోట్లు, మిర్చి ఘాటు ఇంకా వదల్లేదు, లెక్కపెడుతుంటే నాకు తుమ్ములు. నోరు ఊరుకోక "అమ్మా, ఇన్నాళ్లు కట్టిన వడ్డీకి ఇంకాస్త వేసుకుంటే కొత్త గాజులే వచ్చేవి గదా" అన్నాను. ఆవిడ జవాబు చెప్పలేదు. లక్క సీలు పగలగొట్టి సంచి విప్పి ఇచ్చాక, ముందు బరువు చూసుకోలేదు. ఒక గాజు లోపలి వైపు బొటనవేలితో తడిమింది. అక్కడ ఒక సొట్ట. "మా పెద్దోడు ఉయ్యాల్లో ఉన్నప్పుడు రోలుకి తగిలి పడిందండీ ఈ సొట్ట. ఇయ్యే నాయి" అని అక్కడే చేతికి వేసుకుని వెళ్లిపోయింది.

ఇప్పుడు ఆదికాండానికి వద్దాం. మన ప్రసంగాలు చాలావరకు మూడో అధ్యాయంలో, అంటే పండు తిన్న దగ్గర మొదలవుతాయి. సొట్ట గురించి గంటసేపు చెప్పి గాజు ఎవరిదో చెప్పకపోవడం లాంటిది అది. మొదటి అధ్యాయంలో "మంచిది" అనే మాట ఏడుసార్లు వస్తుంది. చివరిసారి "చాలమంచిది". ఇది ఊరికే మురిపెంగా అన్న మాట కాదు, ఆ రోజుల్లో గట్టి వాదన. క్రీ.పూ. 586లో యెరూషలేము కూలి, యూదులు బాబిలోనుకు చెరగా పోయారు. బాబిలోనువాళ్లకి ఒక సృష్టి కథ ఉంది, ఎనూమా ఎలిష్ అంటారు, కొత్త సంవత్సరం పండగలో పఠించేవాళ్లు. అందులో మర్దూకు అనే దేవుడు తియామత్ అనే సముద్ర దేవతను చంపి, ఎండబెట్టడానికి చేపను చీల్చినట్టు రెండుగా చీల్చి, ఒక సగంతో ఆకాశం చేస్తాడు. తిరగబడి ఓడిన ఇంకో దేవుడి రక్తంతో మనుషుల్ని చేస్తారు. ఎందుకు? దేవుళ్ల చాకిరీ మనుషులు చేయడానికి. అంటే లోకం ఒక శవం, మనిషి ఒక బానిస.

దాని పక్కన మన మొదటి అధ్యాయం పెట్టి చదువు. యుద్ధం లేదు, శవం లేదు. "వెలుగు కమ్మని పలుకగా వెలుగు కలిగెను." (అన్నట్టు, దేవుడు ఆరు రోజులు "కష్టపడ్డాడు" అని రాశావు. అక్కడ కష్టం ఎక్కడుంది? ఆయన పలికాడు, అంతే.) బాబిలోనువాళ్లు మొక్కే సూర్యుడికీ చంద్రుడికీ ఇక్కడ పేరు కూడా లేదు. "పెద్ద జ్యోతి, చిన్న జ్యోతి" అని ఊరుకుంటుంది, గుమ్మానికి తగిలించిన దీపాల్లాగా. ఇక మనిషి? దేవుని స్వరూపం. హెబ్రీలో ఆ మాట విగ్రహానికి కూడా వాడతారు. ఆ కాలంలో దేవుడి ప్రతిమ అనిపించుకునే గౌరవం రాజులది. ఆదికాండం ఆ గౌరవాన్ని రాజు దగ్గర్నుంచి తీసుకుని స్త్రీకీ పురుషుడికీ, అందరికీ ఇచ్చేసింది.

మా తాతకి సెంటు భూమి లేదు. ఊరికి ఎడంగా ఉన్న పేటలో పుట్టి, ఇతరుల నల్లరేగడిలో పత్తి తీసి, మిర్చి కోసి బతికినవాడు. అక్షరాలు నేర్చుకున్నాక ఆయన మొదట కూడబలుక్కుని చదివిన వాక్యాల్లో "దేవుడు తన స్వరూపమందు నరుని సృజించెను" ఒకటి అని మా నాన్న చెప్పేవాడు. ఆ వాక్యం మా ఇంట్లో ఏం చేసిందో నేను ఇంకెప్పుడైనా రాస్తాను, అది పెద్ద కథ.

ఆరు రోజుల సంగతి తొందరగా తేల్చేస్తాను, ఎందుకంటే దాని మీద పోట్లాడుకునే ఓపిక నాకు పోయింది. భూమి వయసు సుమారు 454 కోట్ల సంవత్సరాలని శాస్త్రవేత్తలు కొలిచారు, దానితో నాకు పేచీ లేదు. 1650లో ఆషర్ అనే ఐర్లండు ఆర్చిబిషప్పు వంశావళులు కూడి సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందని లెక్కకట్టాడు. ఆ అంకె తర్వాత ఇంగ్లిషు బైబిళ్ల అంచుల్లో అచ్చయి, వాక్యమంత పవిత్రమైపోయింది. కానీ ఆయనకి ఎంతో ముందే, మూడో శతాబ్దంలోనే ఓరిజెన్ అనే క్రైస్తవ పండితుడు అడిగాడు: సూర్యుడు నాలుగో రోజున వస్తే మొదటి మూడు రోజులకి సాయంత్రం, ఉదయం ఎక్కడివి? అగస్టీను (354–430) అనే బిషప్పు అయితే అంతా ఒక్కసారే కలిగిందనీ, రోజులనేవి మనకి అర్థమయ్యే వరుస కోసమనీ అనుకున్నాడు. వీళ్లెవరూ డార్విన్‌కి భయపడి అలా అనలేదు. అప్పటికి డార్విన్ లేడు. రోజుల వరుస చూస్తే నీకే తెలుస్తుంది: మొదటి మూడు రోజుల్లో గదులు కట్టడం, తర్వాతి మూడు రోజుల్లో అవే గదుల్లోకి కాపురం దించడం. వెలుగు, జ్యోతులు. నీళ్లూ ఆకాశం, చేపలూ పక్షులూ. ఆరిన నేల, జంతువులూ మనుషులూ. ఏడో రోజుకి మాత్రం "అస్తమయమును ఉదయమును" అన్న ముగింపు మాట లేదు. ఆ రోజు ఇంకా ముగియలేదన్నమాట. నువ్వు గడియారం పట్టుకుని కూర్చుంటే ఈ గృహప్రవేశం కనపడకుండా పోతుంది.

రెండో అధ్యాయం నాకు ఇంకా ఇష్టం. మనిషి "ఆదాము", నేల "ఆదామా". హెబ్రీలో పేరే అది, మట్టిమనిషి. దేవుడు నేలమంటితో చేసి, ముక్కులో ఊపిరి ఊది, తోటలో పెట్టాడు. ఎందుకు పెట్టాడు? "సేద్యపరచుటకును దాని కాచుటకును." ఆ రెండు హెబ్రీ క్రియలే సంఖ్యాకాండంలో లేవీయులు, అంటే ఆరాధన సేవకి కేటాయించిన గోత్రంవాళ్లు, దేవుని గుడారంలో చేసే సేవకి వాడారు. అంటే తోటపనీ గుడి సేవా ఒకే మాట. పాపం రాకముందే పని ఉంది, పని శాపం కాదు.

మరి పాడైంది ఎలా? మూడో అధ్యాయం 17వ వచనం జాగ్రత్తగా చూడు. "నీ నిమిత్తము నేల శపింపబడియున్నది." నేల చేసిన తప్పేం లేదు. నా కౌంటర్ భాషలో చెబితే, అప్పు చేసింది మనిషి, లాకర్లోకి పోయింది బంగారం. పౌలు రోమా 8లో సరిగ్గా ఇదే అంటాడు: సృష్టి "స్వేచ్ఛగా కాక" వ్యర్థతకి లోనైంది, అది దాస్యంలోనుండి "విడిపింపబడి" స్వాతంత్ర్యం పొందుతుందని ఎదురుచూస్తోంది. ఎవరు విడిపింపబడేది? నువ్వూ నేనూ మాత్రమే కాదు, సృష్టి. మూలుగుతోంది అంటాడు, అయితే చావు మూలుగు అనలేదు, ప్రసవవేదన అన్నాడు. రెండిటికీ ఎంత తేడా ఉందో మీ అమ్మగారిని అడుగు.

ఇంకో చిన్న సంగతి చాలామంది దాటిపోతారు. తోటలోంచి పంపేముందు దేవుడు వాళ్లకి చర్మపు చొక్కాయిలు తొడిగించాడు. తప్పు చేసిన పిల్లల్ని బయటికి పంపుతూ బట్టలు కట్టి పంపినవాడు, మళ్లీ ఆ పిల్లల సంగతి పట్టించుకోడని ఎలా అనుకుంటాం?

ఇక విడిపించడం. లేవీయకాండం 25 తెరువు. మన క్లాసులో అందరూ ఆవలించే పుస్తకం అది, కానీ గుంటూరు జిల్లావాళ్లకి అందులో ఆవలించాల్సిన పనేం లేదు, అంతా భూముల గొడవే. "ఆ భూమి నాదే" అంటాడు దేవుడు, కాబట్టి శాశ్వతంగా అమ్మడానికి వీల్లేదు. ఒకడు బీదవాడై పొలం అమ్ముకుంటే దగ్గరి బంధువు వచ్చి విడిపించాలి. ఆ బంధువుని హెబ్రీలో "గోయేల్" అంటారు. మీ బాబాయి వచ్చి కుదవలో ఉన్న మీ అరెకరం విడిపించి, తన పేరున రాయించుకోకుండా మీ నాన్న చేతికే ఇవ్వడం లాంటిది. రూతు నాలుగో అధ్యాయంలో ఈ పంచాయితీ ఊరి గుమ్మం దగ్గర పదిమంది పెద్దల ముందు జరుగుతుంది. దగ్గరి బంధువు ముందు సరే అంటాడు. పొలంతోపాటు మోయాబు నుంచి వచ్చిన విధవ కోడలి బాధ్యత కూడా ఉందనేసరికి, తన ఆస్తికి ఎసరొస్తుందని చెప్పు తీసి ఇచ్చేసి తప్పుకుంటాడు. బైబిల్ అతని పేరైనా రాయలేదు. బోయజు అనే ఇంకో బంధువు మాత్రం మనిషినీ పొలాన్నీ కలిపి విడిపించాడు. ఆ రెంటినీ విడదీసి ఒకదాన్నే తీసుకుంటానన్నవాడు గోయేల్ కాలేకపోయాడు, గమనించు.

యిర్మీయా 32 ఇంకా విచిత్రం. బాబిలోను సైన్యం ఊరి చుట్టూ మోహరించి ఉంది, యిర్మీయా చెరసాల ప్రాంగణంలో ఉన్నాడు. అప్పుడు పినతండ్రి కొడుకు వచ్చి అనాతోతు పొలం విడిపించే హక్కు నీదే, కొను అంటాడు. ఆయన 17 షెకెళ్ల వెండి తూచి ఇచ్చి కొన్నాడు. దస్తావేజు రాసి, సాక్షుల సంతకాలు పెట్టించి, మట్టికుండలో పెట్టి దాచమన్నాడు. శత్రువు చేతిలో పడబోయే భూమిని కొనడమేంటి? వరద నీళ్లలో మునిగి ఉన్న సింగ్ నగర్‌లో ఆ వారమే స్థలం రిజిస్ట్రేషన్ చేయించుకున్నట్టు. అయినా కొన్నాడు, ఎందుకంటే ఈ దేశంలో ఇళ్లూ పొలాలూ మళ్లీ కొంటారని దేవుడు చెప్పాడు.

యోబు "నా విమోచకుడు సజీవుడు" అన్నాడే, సమాధి రాళ్ల మీద చెక్కిస్తాం, అక్కడున్న మాట కూడా గోయేలే. తర్వాత ఆయన "భూమిమీద నిలుచును" అని మన బైబిల్లో ఉంది. హెబ్రీలో అక్కడ ఉన్నది ధూళి అనే మాట, ఆదామును చేసిన అదే ధూళి. మట్టి మీద నిలబడే బంధువు.

పోలిక ఎంతవరకు పనికొస్తుందో కూడా చెప్పాలి. క్లాసులో ప్రతి ఏడూ ఎవరో ఒకరు "మరి బ్యాంకు ఎవరండీ, సాతానా? యేసు రక్తం సాతానుకి కట్టాడా?" అని అడుగుతారు. తొలి శతాబ్దాల్లో ఓరిజెన్ లాంటివాళ్లు అలా అనుకున్నారు. పదకొండో శతాబ్దంలో అన్సెల్ము అనే ఆర్చిబిషప్పు అది కుదరదు, సాతానుకి దేవుడు బాకీ ఏమిటి అన్నాడు. నేను అన్సెల్ము పక్షం. వెల గురించి పేతురు చెప్పాడు, వెండి బంగారాలు కాదు, అమూల్యమైన రక్తం అన్నాడు. రశీదు ఎవరి పేరున అన్నది ఆయన చెప్పలేదు. నేనూ అక్కడే ఆగుతాను.

కానీ ఒక చోట మాత్రం ఆ ప్రత్తిపాడు ఆవిడ గాజుల పోలిక పూర్తిగా నిలబడుతుంది. యోహాను సువార్త తీయి. "ఆదియందు" అని మొదలవుతుంది, కావాలనే. చివర్లో యేసును సిలువ వేసిన చోట ఒక తోట ఉంది, తోటలో సమాధి ఉంది. ఆయన ఏడో రోజంతా అందులో విశ్రమించి, ఆదివారం ఇంకా చీకటి ఉండగానే లేచాడు. మగ్దలేనే మరియ ఆయన్ని చూసి తోటమాలి అనుకుంది. మన జిల్లాల్లో క్రైస్తవుల శ్మశానాన్ని "సమాధుల తోట" అంటాం కదా, ఆ పేరు ఎవరు పెట్టారో గానీ వాళ్లకి దండం పెట్టాలి. ఈస్టర్ తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని మనం వెళ్లేది తోటకే. ఆ సాయంత్రం శిష్యుల మీద ఆయన "ఊది" పరిశుద్ధాత్మను పొందమన్నాడు. ఆదికాండం గ్రీకు అనువాదంలో మంటిబొమ్మ మీద దేవుడు ఊదినప్పుడు ఏ క్రియ ఉందో, యోహాను అదే క్రియ వాడాడు.

ఇప్పుడు చెప్పు. దేవుడు పాతది పారేసి కొత్తది ఇచ్చేవాడే అయితే, సమాధి ఖాళీ కావాల్సిన పనేముంది? ఆ శరీరాన్ని అక్కడే వదిలేసి ఇంకొకటి తెచ్చుకోవచ్చుగా? అదే శరీరం లేచింది. నమ్మనన్న శిష్యుడు తోమాకి చూపించింది ఏమిటి? మేకుల గుర్తులు. సొట్ట బట్టి గాజు తనదని గుర్తుపట్టినట్టే.

"కాలిపోతుంది గదా" అంటావు, 2 పేతురు 3:10. నిజమే, ఉంది. అయితే అదే పేరాలో పేతురు దాన్ని దేనితో పోల్చాడో చూడు. నోవహు నాటి జలప్రళయంతో. అప్పటి లోకం నీళ్లలో "నశించెను" అంటాడు. నశించాక ఏమైంది? నోవహు వేరే గ్రహం మీద దిగలేదు. నీళ్లు తీశాక అదే నేల, అక్కడే ద్రాక్షతోట వేశాడు. మీ ఇంట్లో నీళ్లు పోయాక మీరేం చేశారు తమ్ముడూ? బురద ఎత్తిపోసి, గోడలు కడిగి, సున్నం వేసుకున్నారు. ఇంకో మాట: నాలుగో శతాబ్దపు పాత గ్రీకు ప్రతులు సినాయ్ ప్రతి, వాటికన్ ప్రతి ఆ వచనం చివర "కాలిపోవును" అనడం లేదు, "కనబడును" అంటున్నాయి. కంసాలి పుటం వేస్తే మలినం పోయి బంగారం కనబడినట్టు. అగ్ని లేదని నేను అనడం లేదు. అగ్ని దేనికో చెబుతున్నాను.

భూమి చెడ్డది, శరీరం చెడ్డది, ఆత్మ ఒక్కటే మంచిది అనే బోధ క్రైస్తవం పుట్టిన రెండో శతాబ్దంలోనే వచ్చింది. సృష్టించిన దేవుడు వేరు, యేసు తండ్రి వేరు అని మార్కియను అనే బోధకుడు అన్నాడు, రోము సంఘం అతన్ని బయటికి పంపింది. సుమారు 180లో లియోను బిషప్పు ఐరేనియస్ దాన్ని కూర్చుని ఖండించాడు: ఆదాము నడిచి తప్పిన దారంతా క్రీస్తు మళ్లీ మొదట్నుంచి నడిచాడు, చెట్టు దగ్గర జరిగిన అవిధేయతను చెట్టు మీద విధేయతతో సరిచేశాడు అని. అంటే నీ ప్రశ్న కొత్తదేం కాదు, దానికి సంఘం చెప్పిన జవాబు కూడా 1800 ఏళ్ల నాటిది.

మీ ప్రార్థన కూటం పెద్దాయన మీద కోపం పెట్టుకోకు. మన పాటల్లో సగం పరలోకం మీదే ఎందుకున్నాయో నాకు అర్థమవుతుంది. సెంటు భూమి లేని మా తాతలాంటివాళ్లకి "ఇది మన ఇల్లు కాదు" అన్న మాట అబద్ధం కాదు, వాళ్లకి నిజంగానే ఇల్లు లేదు. ఆ పాటలు పాడి వాళ్లు బతికారు. కానీ వరదలో ఇల్లు తడిసినవాడికి అదే మాట చెబితే ఓదార్పు కాదు, అతని నోరు నొక్కినట్టు. చనిపోయిన విశ్వాసులు క్రీస్తు దగ్గర ఉంటారు, అందులో నాకు సందేహం లేదు. అది మధ్యలో ఆగే స్టేషన్. ప్రకటన 21లో మనం పైకి పోము, పట్టణమే కిందికి దిగి వస్తుంది. అక్కడ దేవుడు "సమస్తమును నూతనమైనవిగా చేయుచున్నాను" అంటాడు. ఉన్నవన్నీ పారేసి వేరే కొత్తవి చేస్తున్నాను అనలేదు.

చదవాలనుకుంటే ఈ వరుసలో చదువు: ఆదికాండం 1 నుంచి 3, లేవీయకాండం 25, రూతు 4, యిర్మీయా 32, రోమా 8, యోహాను 19, 20, చివరికి ప్రకటన 21, 22. రోజుకొకటి చాలు. ప్రకటన 21 మొదటి వచనం దగ్గర మాత్రం నీకు ఒక చిక్కు వస్తుంది, "సముద్రమును ఇకను లేదు" అని. చిన్నప్పుడు మా నాన్న ఏటా ఒకసారి బాపట్ల దగ్గర సూర్యలంక తీసుకెళ్లేవాడు, అందుకని నాకా వాక్యం ఎప్పుడూ గొంతు దిగదు. 13వ అధ్యాయంలో మృగం సముద్రంలోంచే వస్తుంది, దానియేలులో కూడా అంతే. కాబట్టి ఆ మృగానికి ఇక చోటు లేదని దాని భావం, ఉప్పునీళ్లు ఇంకిపోతాయని కాదు అని క్లాసులో చెబుతాను. చెబుతాను గానీ, సూర్యలంక ఉంటుందో లేదో అన్న బెంగ పూర్తిగా పోలేదు. అక్కడిదాకా చదివాక నీకేం తోచిందో రాయి.